తలుపు మోసిన ముత్తాత

సిల్వనస్ బెదో భార్యను అతని ముత్తాత లేవదీసుకుపోయాడు. ముత్తాత పోయి వందేళ్లు కావస్తోంది. భార్య పోయి ఆరేళ్లో ఏడేళ్లో. అయినా ఈ విషయంలో సిల్వనస్‌కు సందేహం లేదు. సందేహపడినవాళ్లతో మాట్లాడడం మానేశాడు. నమ్మి జాలిపడినవాళ్లతో అంతకు ముందే మానేశాడు.

దీనికంతటికీ మూలం ఒక రాయి.

కరీబియన్ సముద్రంలోని కారియకూ దీవిలో మనిషిని పాతిపెట్టగానే పని తీరదు. మట్టి కుంగాలి. మేకలు బలవాలి. అప్పుడు సిమెంటుతో రాయి పోయించి, తెల్ల దుప్పటి కప్పి ఇంట్లో పడుకోబెట్టి, డప్పులు కొట్టించి, వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టి, సమాధి మీద వేయాలి. రాయి పడేదాకా పోయినవాళ్లు పోయినట్టు కాదు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నట్టే.

మంచం పట్టిన రోజుల్లో ఎర్మిన్ అతన్ని ఒక్కటే కోరింది.

"నా మీద కర్ర శిలువ పాతి ఊరుకోకు సిల్. మేకలు వీపు గోక్కుంటాయి."

"రాయే వేస్తాను. పడుకో."

పెరట్లోనే పాతాడు, నీళ్ల తొట్టికీ కలబాష్ చెట్టుకీ మధ్య. బెలేర్ కొండ మీద ఎక్కడ తవ్వినా బండే తగులుతుంది. అక్కడ మాత్రం పార సులువుగా దిగింది. అప్పటికి కర్ర శిలువ పాతాడు. కోతలయ్యాక దీవిలో పశువులన్నిటికీ కట్లు విప్పి వదిలేస్తారు. ఆ కాలంలో మేకలు వచ్చి వీపులు గోక్కున్నాయి. శిలువ పడినప్పుడల్లా సిల్వనస్ వెళ్లి నిలబెట్టాడు. ఆమె చెప్పినట్టే జరుగుతున్నందుకు అతనికి ఒళ్లు మండింది. ఆమె బతికి ఉన్నప్పుడూ అంతే. చెప్పింది జరిగేది, అతనికి ఒళ్లు మండేది.

చివరికి రాయి పోయించాడు. దాని మీద ఎర్మిన్ పేరు తనే చెక్కాడు. అతను పడవలు చేసే వడ్రంగి, కొయ్య మీద ఆడే చెయ్యి సిమెంటు మీద సరిగ్గా ఆడలేదు. అక్షరాలు కొంచెం పక్కకి ఒరిగాయి. రాయిని మోసుకొచ్చి ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక మంచం మీద ఆమె పక్కన, అంటే ఆమె పడుకునే పక్కన, పడుకోబెట్టి తెల్ల దుప్పటి కప్పాడు. ఆ బరువు ఆగేది మంచం ఒక్కటే.

ఆ మంచం తాతల నాటిది. ఒకే మందపాటి పలక, దానికి నాలుగు కాళ్లు. పలకలో ఒక వారకి పిడికిలి పట్టే కన్నం ఉంది. ఆ కన్నం ఎర్మిన్ నడుము కిందికి వచ్చేది.

"వీపులోకి గాలి కొడుతోంది సిల్. ఊరందరికీ పడవలు చేస్తావు. నాకో మంచం చేయలేవా?"

ఒకనాడు మొక్కజొన్న బెండు తెచ్చి కన్నంలో దిగేసి కొట్టాడు. ఆ తర్వాత ఆమె ఎప్పుడడిగినా "బెండు ఉందిగా" అనేవాడు.

ఇప్పుడు రాయి ఆమె చోటులో పడుకుంది. ఎర్మిన్ కన్నా తక్కువ చోటు తీసుకుంది, అసలు మాట్లాడలేదు. అయినా అతనికి నిద్ర పట్టలేదు.

మేకలు బలిశాయి. డప్పులవాళ్లు మాటిచ్చారు. ఇక రాయి వేయడమే తరువాయి అనగా ఒక పొద్దున టాంటీ డోల్సీ రొప్పుకుంటూ కొండెక్కి వచ్చింది.

టాంటీ డోల్సీ అతనికి మేనత్త వరస. చచ్చినవాళ్లు ఏదైనా చెప్పదలుచుకుంటే ఆమె కలలోకే వస్తారు. ఇంకెవరి కలలోకి వచ్చినా మాట సగమే చేరుతుందని వాళ్లకీ తెలుసు. రాయి పండగలో పెద్దల కోసం బల్ల మీద పెట్టే పళ్లేనికి కాపలా కూర్చునేదీ ఆమే. ఆమె తల ఊపకపోతే ఈ కొండ మీద ఎవరూ డప్పు ముట్టుకోరు.

"రాయి ఆపు," అంది కూర్చోకముందే.

"ఎందుకు?"

"ఊపిరి తీసుకోనియ్యి. కోకో పెట్టు. ఎంత చక్కెర వేస్తున్నావో నేను చూస్తూనే ఉంటా."

పెట్టాడు. ఊదుకుంటూ తాగింది.

"ముసలాయన ఒకడు కలలోకి వచ్చాడు. ఎండు చేపలా ఉన్నాడు. నెత్తిన తలుపు పెట్టుకున్నాడు. ఒక కాలికి జోడుంది, రెండో కాలికి లేదు. 'నేను వానలో నానుతుంటే మొన్న పోయిన పిల్లకి రాయా' అన్నాడు."

"ఎవరతను?"

"నన్నడుగుతావేం? ఆ దవడ నీదే. చూడగానే ఒకటివ్వాలనిపించింది."

"నాకు తెలీని ముసలాడి కోసం నా పెళ్లాం రాయి ఆపాలా?"

"నీ రక్తంలో పెద్దవాడు. పెద్దవాడికి రాయి లేకుండా చిన్నదానికి ఎలా వేస్తావు?"

"వేస్తే ఏమవుతుంది?"

టాంటీ కప్పు కింద పెట్టింది. "ఏమో. ఎవరూ వేయలేదు కదా, తెలియడానికి."

సిల్వనస్ ఆ రోజే డప్పుల పెద్ద కాస్మస్ దగ్గరికి వెళ్లాడు. కాస్మస్ అతనికి పినతండ్రి కొడుకు, అతన్ని కంపే అని, అంటే నేస్తం అని, పిలుస్తాడు. డప్పుకి కొత్త మేక తోలు బిగిస్తున్నాడు.

"టాంటీ మాట పక్కన పెట్టు. నువ్వు కొడతావా, కొట్టవా?"

"కొడతా కంపే. ముందు ఆయన ఆఫ్రికాలో ఏ జాతో చెప్పు. క్రొమాంటీనా? ఇగ్బోనా? టెమ్నేనా? తప్పు దరువు వేశామనుకో, సంబంధం లేనివాడెవడో లేచొచ్చి మన మేక తినిపోతాడు."

"నాకు తాత పేరు వరకే తెలుసు."

"మీ నాన్న చెప్పలేదూ?"

"మా నాన్న ఏం చెప్పాడని. పడవ కింద పడి పోయేటప్పుడు కూడా తాళ్లు సరిగ్గా కట్టలేదని తిట్టి పోయాడు."

చర్చిలో అడిగి చూశాడు. పాత పుస్తకాలన్నీ చెదలు తిన్నాయని ఫాదర్ చెప్పాడు. చెదల పేరు చెప్పినప్పుడు ఫాదర్ ముఖంలో కొంచెం ఊరట కనిపించింది.

"నెత్తిన తలుపు అన్నావు కదూ," అన్నాడు కాస్మస్ మరునాడు. "యూనియన్ దీవిలో ఒక ఇంటివాళ్లని తలుపులేనోళ్లు అని ఏడిపిస్తారు. ఎందుకో నాకు తెలీదు. వాళ్ల ముందు మాత్రం ఆ మాట అనకు. చేప కోసే కత్తితో వెంటపడతారు."

సిల్వనస్ పడవెక్కాడు. అతనికి ముత్తాత మీద ఆసక్తి లేదు. ఎర్మిన్ రాయి మీద నుంచి ఆ ముసలాణ్ని పక్కకి నెట్టాలి, అంతే.

యూనియన్‌లో ఇల్లు వెతకనక్కర్లేకపోయింది. గోడలకు రంగు కొత్తది. కిటికీలకు అద్దాలు. వీధి గుమ్మానికి మాత్రం గోనెపట్టా వేలాడుతోంది. ఆ పట్టా పక్కకి లాగి ఒక లావుపాటి ఆడమనిషి నిలబడింది. పేరు లవీనియా. అతని ముఖం కేసి చూసి, దవడ దగ్గర ఆగింది.

"తలుపేది?" అంది.

"ఏ తలుపు?"

"ఓహో. వట్టి చేతుల్తో వచ్చాడు. లోపలికి రా బెదో. గుమ్మంలో నిలబడకు, మీవాళ్లకి గుమ్మం కనబడితే చేతులు ఊరుకోవు."

కూర్చోబెట్టి కందికాయల పులుసు పెట్టింది. తిట్లూ పెట్టింది. తింటూ విన్నాడు. ముసలాయన పేరు ప్రాస్పర్. బానిసలకి స్వేచ్ఛ వచ్చిన రోజున అందరూ చేతులూపుకుంటూ ఎస్టేటు బయటికి వచ్చారు. ప్రాస్పర్ బెదో దొరగారి పెద్దింటి వీధి తలుపు ఊడబీకి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఇదేమిటని అడిగితే జీతం అన్నాడు. దొర ఇల్లు ఆ పూట నుంచి ఎవరు పడితే వాళ్లు వచ్చిపోయే ఇల్లయింది. ప్రాస్పర్ తలుపు ముందు నిలబెట్టి, దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నాడు. పెళ్లాంతో తగాదా పడ్డాడు. తలుపు ఊడబీకి పడవెక్కి యూనియన్ వచ్చాడు. ఇక్కడ మళ్లీ తలుపు చుట్టూ ఇల్లు కట్టాడు, లవీనియా ముత్తవ్వతో పిల్లల్ని కన్నాడు.

"మరి ఎందుకు పోయాడు?"

"కూరలో ఉప్పెక్కువైందిట. మా ముత్తవ్వ తెలివైంది. పోతాడని పసిగట్టి ఒక జోడు దాచేసింది. ఒంటి జోడుతో మగాడెక్కడికి పోతాడని. పోయాడు. తలుపూ పోయింది. జోడు మిగిలింది. అదిగో."

గూట్లో, మేరీమాత బొమ్మ పక్కన, ఎండి ముడుచుకుపోయిన ఒక తోలుజోడు ఉంది. దానికి నూనె రాసి ఉంది.

"అప్పట్నుంచీ ఈ ఇంటికి తలుపు పెట్టలేదు," అంది లవీనియా. "పెట్టలేక కాదు. తీసుకుపోయినవాళ్లే తెచ్చి పెట్టాలి."

"ఇక్కడ్నుంచి ఎక్కడికెళ్లాడు?"

"తలుపు పెట్టు, చెప్తా."

"ఆయన ఏ జాతో అదైనా చెప్పండి."

"ఇగ్బో అన్నాడట. అది ఊరికే చెప్తున్నా. మిగతాది తలుపు పెట్టాక."

సిల్వనస్ ఇంటికొచ్చి దేవదారు చెక్కతో తలుపు చేశాడు. మంచి తలుపు. ఒక పక్క రాయి చూస్తూ ఉంటే చేశాడు. పడవలో వేసుకుని మళ్లీ యూనియన్ వెళ్లాడు. అది వేరే దేశం కిందికి వస్తుంది గనక రేవులో కస్టమ్స్ ఆఫీసరు ఆపాడు.

"ఏమిటిది?"

"తలుపు."

"ఎవరిది?"

"మా ముత్తాతది."

"అంటే పాత వస్తువా?"

"నిన్ననే చేశాను."

"ముత్తాతది నిన్న చేశావా?"

"ఆయన చేయాల్సింది. చేయలేదు."

ఆఫీసరు తలుపు చుట్టూ తిరిగాడు. పాత సామానుకి ఒక పద్ధతి, కొత్త సరుకుకి ఒక పద్ధతి ఉన్నాయి. ఆలస్యమైన తలుపుకి ఏ పద్ధతీ లేదు. చివరికి అది మూసి ఉందా తెరిచి ఉందా అని అడిగాడు. మూసి ఉందని సిల్వనస్ చెప్పాడు. అలాగే రాసుకుని పంపేశాడు.

లవీనియా తలుపుని వేలితో తట్టి చూసింది. వాసన చూసింది.

"కన్నం లేదేం? ఆయన తలుపుకి పిడికిలి పట్టే తాళం కన్నం ఉండేదట. దొరల తాళాలు అంతంత ఉండేవి."

సిల్వనస్ పళ్లు నూరుకుంటూ అక్కడే కూర్చుని పిడికిలి పట్టే కన్నం తొలిచాడు. తొలుస్తున్నప్పుడు కూడా అతనికి ఏమీ తట్టలేదు.

తలుపు బిగిశాక లవీనియా దాన్ని ఒకసారి తెరిచింది, ఒకసారి మూసింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత గోనెపట్టా మడిచి దాచుకుంది.

"పెటీ మార్టినీక్ దీవికి వెళ్లాడు. అక్కడా ఒకతిని ముంచాడు. వెళ్లు. రాయి వేసేటప్పుడు కబురు పెట్టు, వస్తాం."

"ఏడవడానికా?"

"జోడుతో కొట్టడానికి."

పెటీ మార్టినీక్‌లో క్లోటిల్ అనే ముసలమ్మ ఇంటికి అసలు గుమ్మమే లేదు. గుమ్మం ఉండాల్సిన చోట గోడ కట్టేశారు. సిల్వనస్ ఇల్లు చుట్టి వచ్చాడు.

"కిటికీ," అంది లోపల్నుంచి గొంతు. "కాలు ముందు పెట్టు, తల తర్వాత. కొత్తవాళ్లందరూ తల పెట్టి ఇరుక్కుంటారు."

అతను తల పెట్టి ఇరుక్కున్నాడు. ముసలమ్మ చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. అప్పుడు దవడ చూసింది.

"తెలుసుంటే లాగేదాన్ని కాదు."

"మీకూ తలుపు కావాలా?"

"మాకెందుకు? నాలుగు తరాల నుంచి కిటికీలోంచే వెళ్తున్నాం, వస్తున్నాం. పెళ్లికూతుళ్లని కిటికీలోంచే పంపాం. శవాల్నీ కిటికీలోంచే దించాం. తలుపు పెడితే ఎవడో ఒకడు మోసుకుపోతాడు."

"ఆయన ఏ జాతో చెప్పాడా?"

"క్రొమాంటీ."

"యూనియన్‌లో ఇగ్బో అన్నాడట."

"ఆడదానికో జాతి చెప్పి ఉంటాడు. పోనీ పళ్లెం సంగతి చెప్పు."

"ఏ పళ్లెం?"

అప్పుడు క్లోటిల్ తన దావా చెప్పింది. ప్రాస్పర్ బెదో పోయాడని కబురొస్తే ఆమె ముత్తవ్వ పిల్లల్ని వేసుకుని, ఎదురుగాలిలో పడవ మీద కారియకూ వెళ్లింది. వాళ్లని ఎవరూ లోపలికి రమ్మనలేదు. అందరికీ అన్నం పెట్టారు. వాళ్లకి పళ్లెం పెట్టలేదు. ఆ సంగతి ముత్తవ్వ తన కూతురికి చెప్పింది, ఆమె తన కూతురికి చెప్పింది, ఒక్క మెతుకు తేడా లేకుండా క్లోటిల్ దాకా వచ్చింది. ఆ చావులో ఏం వండారో, ఎవరికి తొడ ముక్క పడిందో కూడా ఆమెకి తెలుసు.

"మావాళ్లని ఎక్కడ నిలబెట్టారో చెప్పనా? గోతి గట్టు మీద. ఎండలో. ఇటు నీళ్ల తొట్టి, అటు కలబాష్ చెట్టు. మధ్యలో గొయ్యి. మా చిన్నదాని కాలు జారి గోతిలో పడబోతే కూడా ఎవరూ చెయ్యివ్వలేదు."

సిల్వనస్ ముందుకి జరిగాడు.

"ఏ ఊళ్లో?"

"బెలేర్‌లో. మొదటి పెళ్లాం ఇంట్లో. ముసలితనంలో ఆవిడే రానిచ్చింది. రానిచ్చింది గానీ, తలుపుకి బందులు ఊడదీసి నాలుగు కాళ్లు కొట్టి మంచం చేసేసింది. రోజూ ఆయన్ని దాని మీదే పడుకోబెట్టింది. మనిషి తను పడుకున్న తలుపుని నెత్తిన పెట్టుకోలేడు కదా. ఇంకెక్కడికీ పోలేదు. పోయాడు."

సిల్వనస్ లేచాడు. వచ్చిన దారి మర్చిపోయి కట్టేసిన గోడ దగ్గరికి వెళ్లి ఆగాడు.

"కిటికీ," అంది క్లోటిల్. "రాయి వేసే రోజున నాకు పళ్లెం పెట్టాలి. అందరికన్నా ముందు."

ఇంటికి వచ్చి కాస్మస్‌ని పిలిచాడు. ఇద్దరూ రాయిని మంచం మీంచి దించారు. పరుపు తిరగేశారు. మందపాటి పలక. ఒక వారన బందుల గాట్లు. రెండో వారన పిడికిలి పట్టే కన్నం, అందులో మొక్కజొన్న బెండు.

కాస్మస్ నేల మీద కూర్చుని నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు.

"పెళ్లాం వీపు కింద పెట్టుకుని రెండు దీవులు తిరిగొచ్చావు కంపే."

సిల్వనస్ బెండు వంక చూస్తూ ఉండిపోయాడు.

టాంటీ డోల్సీ వచ్చి పెరట్లోకి నడిచి, తొట్టికీ చెట్టుకీ మధ్య నిలబడి తల పంకించింది.

"ఆయన కింద. పిల్ల పైన."

"అందుకా పార అంత సులువుగా దిగింది," అన్నాడు కాస్మస్. "ఇన్నేళ్లూ ఆయన గుండెల మీద పడుకోబెట్టావా ఆమెని?"

"నోరు మూసుకో," అన్నాడు సిల్వనస్.

"రాయి ఒకటే పడుతుంది," అంది టాంటీ. "ఆయన పేరు పైన చెక్కు. ఎర్మిన్ పేరు కింద ఉండనీ."

"నా పెళ్లాం రాయి మీద ఇంకో మగాడి పేరు ఉండదు."

"నీ ముత్తాతరా."

"ఆయనకి ముగ్గురు పెళ్లాలని మూడు దీవులకీ తెలుసు. పేరు కింద పేరు చూసి రేపటివాళ్లు ఈమెని నాలుగోది అనుకుంటారు. చెక్కను."

"అయితే ఆమెకీ రాయి పడదు."

ఆ మాట మీద టాంటీ వెళ్లిపోయింది. కొన్నాళ్లు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. మేకలు మాత్రం తింటూనే ఉన్నాయి. వాటి ముసలితనం చూసి కాస్మసే దారి చెప్పాడు. ఇంకా ఆగితే వాటి మాంసం డప్పుకి తప్ప పనికిరాదని అతని బెంగ.

"ముసలాయన రాయి అడిగాడా, నీడ అడిగాడా? బతుకంతా మోసింది తలుపు. కాళ్ల వైపు తలుపు నిలబెడదాం. రాయి ఎర్మిన్‌కి. తలుపు ఆయనకి."

టాంటీ కలలో అడిగి చెప్తానంది. మరునాడు వచ్చింది.

"సరేనన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు."

సిల్వనస్‌కి నవ్వుతో పనిలేదు. మంచం కాళ్లు ఊడగొట్టాడు. ఆ రోజు నుంచి నేల మీద పడుకున్నాడు.

రాయి పండగకి యూనియన్ నుంచి లవీనియా మనుషులు పడవ నిండా వచ్చారు. అందరివీ ఒకే దవడలు. పెటీ మార్టినీక్ నుంచి క్లోటిల్ తన పళ్లెం తనే తెచ్చుకుని వచ్చింది. గుమ్మం బార్లా తెరిచి ఉన్నా అలవాటు చొప్పున కిటికీలోంచి ఇంట్లోకి దిగింది. నేల మీద రమ్ము చల్లి, నీళ్లు చల్లి, మేకల్ని కోశారు. మొక్కజొన్న సంకటి, కందికాయలు, మేక కూర. పెద్దల పళ్లెంలోకి వేరేగా, ఉప్పు లేకుండా వండారు.

"ఉప్పు తగలనివ్వకండి," అంది లవీనియా వంట దగ్గర. "మళ్లీ లేచిపోతాడు."

మొదటి పళ్లెం క్లోటిల్‌కి పెట్టారు. గోతి గట్టు మీదే నిలబడి తింటానంది. ఎండలో నిలబడి, అందరినీ ఒక్కొక్కరినే చూస్తూ, నెమ్మదిగా తింది. ఆమె తినడం అయ్యేదాకా ఎవరికీ పెట్టనివ్వలేదు. సగం మంది చల్లారిన సంకటి తిన్నారు.

రాయి మోసుకొచ్చి ఎర్మిన్ మీద వేశారు. సిల్వనస్ వంగి చేత్తో మట్టి సర్దాడు. ఒరిగిన అక్షరాలు ఎండలో బాగానే కనిపించాయి. మేకలు ఇక ఎంత గోక్కున్నా పడేది లేదు. కాళ్ల వైపు గొయ్యి తీసి తలుపు నిలబెట్టారు. లవీనియా జోడు తెచ్చింది. దాంతో రెండు దెబ్బలు తలుపుని కొట్టింది. ఆ తర్వాత ఏం చేయాలో తోచక దాన్ని తలుపు ముందే పెట్టేసి వెనక్కి వచ్చింది.

కాస్మస్ అన్ని జాతుల దరువులూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టాడు. ఏదో ఒకటి తగులుతుందని. ఆ తర్వాత క్షమాపణ దరువు మొదలుపెట్టాడు. అప్పుడు ఇంటివాళ్లందరూ మోకాళ్ల మీద కూర్చుని, తెలిసీ తెలియక చేసిందంతా మన్నించమని పోయినవాళ్లని అడగాలి. అది కాకుండా ఏ రాయి పండగా పూర్తి కాదు.

"మేమెందుకు మోకరిస్తాం?" అంది లవీనియా. "ఆయనే లేచొచ్చి మా ముందు మోకరించాలి."

"నా మోకాళ్లు వంగవు," అంది క్లోటిల్. ఆమె పొద్దున కిటికీలోంచి దూకడం అందరూ చూశారు.

అందరూ సిల్వనస్ వైపు తిరిగారు. అతను నిలబడే ఉన్నాడు.

"వంచరా," అంది టాంటీ.

"ఆయనకి నేనేం తప్పు చేశాను? తలుపులు పెట్టాను. పళ్లేలు పెట్టాను."

"ఆయనకి కాకపోతే ఆమెకి వంచు."

"ఆమెకేం తప్పు చేశాను? రాయి అడిగింది. వేశాను."

టాంటీ తలుపు కన్నంలోని బెండు వంక చూసింది. సిల్వనస్ కూడా చూశాడు. వెళ్లి దాన్ని పీకి కింద పడేశాడు. కన్నంలోంచి సముద్రం కనిపించింది. గాలి ఇటు నుంచి అటు కొట్టింది. అతను తిరిగొచ్చి మునుపటి చోటే నిలబడ్డాడు. మోకాలు వంచలేదు.

కాస్మస్ దరువు ఆపలేదు, మొదలుపెట్టాక ఆపకూడదు. ఎవరూ వంగలేదు. చివరికి చెట్టుకి కట్టేసి ఉన్న మేక, కోయకుండా మిగిలింది, ముందుకాళ్లు మడిచి పడుకుంది. కాస్మస్ దాన్ని చూసి, ఇంటి మేకే కదా అని, దరువు ముగించాడు.

పొద్దున్నే సిల్వనస్ పెరట్లోకి వచ్చాడు. రాయి ఉంది. తలుపు లేదు. జోడు లేదు. పెద్దల పళ్లెం నాకినట్టు ఖాళీగా ఉంది. టాంటీ బల్ల పక్కనే కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

కాస్మస్ కొండెక్కి వచ్చాడు.

"యూనియన్ వాళ్ల పడవ తెల్లారకముందే వెళ్లిపోయింది కంపే. ఒక పక్కకి ఒరిగి పోతోందని రేవులో చూసినవాళ్లున్నారు. వెళ్లి పట్టుకుందామా?"

"ఉండు," అన్నాడు సిల్వనస్. టాంటీ కళ్లు తెరిచింది. అతని ముఖం చూసి మళ్లీ మూసుకోబోయింది.

"చెప్పు," అన్నాడు.

"కోకో పెట్టు ముందు."

"చెప్పు టాంటీ."

"రెండు కాళ్లకీ జోళ్లున్నాయి. కడుపు నిండా ఉంది. తలుపు ఎత్తుకుని కొండ దిగుతున్నాడు."

"పోనీ. పీడా పోయింది."

"ఒక్కడే కాదు."

సిల్వనస్ వెనక్కి తిరిగాడు.

"తలుపు నెత్తిన లేదు. ముందు కొస ఆయన పట్టుకున్నాడు. వెనక కొస ఎర్మిన్ పట్టుకుంది."

కాస్మస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

"ఏమైనా అందా?" అన్నాడు సిల్వనస్.

"నేనే అడిగాను, ఎక్కడికే పిల్లా అని. రాయి బాగుందని చెప్పమంది." టాంటీ కుర్చీలో సర్దుకుంది. "వీపు నొప్పి పోయిందంది."

సిల్వనస్ రాయి దగ్గరికి వెళ్లాడు. రాయి చల్లగా ఉంది. మొక్కజొన్న బెండు దాని పక్కన గడ్డిలో పడి ఉంది. తీసుకున్నాడు. విసిరేయలేదు, జేబులో పెట్టుకున్నాడు.

ఆ నెలలోనే మంచం చేశాడు. దేవదారుది, ఇద్దరు పడుకునేంత వెడల్పు, ఎక్కడా కన్నం లేదు. దాని మీద ఎవరూ పడుకోలేదు. అతను నేల మీదే పడుకున్నాడు. ఒకసారి కాస్మస్ వచ్చి మంచం అంచు మీద కూర్చోబోతే లేపేశాడు.

"కంపే," అన్నాడు కాస్మస్, "అది వట్టి కల. లవీనియా ఇంటికి వెళ్లి చూస్తే తలుపు అక్కడే ఉంటుంది. నేనూ వస్తా, పద."

"నా పెళ్లాన్ని మా ముత్తాత లేవదీసుకుపోయాడు," అన్నాడు సిల్వనస్. "ఆయనకి తలుపిచ్చింది నేను. జోడు తెప్పించింది నేను. అన్నం పెట్టింది నేను. రాయి వేశాను, దాని కిందే ఈ మాట కూడా వేశాను. ఇంకోసారి ఎత్తను. నువ్వూ ఎత్తకు."